నేల క్రింది వదంతి

కోకాపేటలో నేడు నేల కడుపు చీలని దినము లేదు. ఒకప్పుడు మెట్ట చేలును, సీతాఫలపు పొదలును, ఏనుగుల మందవలె నిలిచిన రాతిగుండ్లును తప్ప మఱేమియు కనబడని ఆ గ్రామమున, 2023 ఆగస్టులో జరిగిన ప్రభుత్వ వేలములో ఎకరము భూమి నూరు కోట్ల డెబ్బది యైదు లక్షల రూపాయలు పలికినది. అంత ధర పెట్టి కొన్నవారు ఆకాశమువైపే కాక పాతాళమువైపును కట్టుచున్నారు. నలువది, ఏబది అంతస్తుల మేడలో కాపురముండువారి కార్లు నిలుపుటకు నేల క్రింద నాలుగైదు అంతస్తుల సెల్లార్లు కావలెను. అందుకై బండకు రంధ్రములు వేసి, మందు దట్టించి ప్రేల్చుచున్నారు. ప్రేలుడు వినబడినప్పుడెల్ల చుట్టుప్రక్కల కిటికీ అద్దములు అదరును. రాతితో నిండిన లారీలు రేయింబవళ్ళు బారులు తీరును. ఇంత త్రవ్వకములోను బయటపడుచున్నది రాయియు, రాతి పగుళ్ళలో ఊరు నీరును మాత్రమే.

అయినను హైదరాబాదు నగరమున నేల క్రింద ఏదో దాచియున్నారను మాట చావలేదు. ఒక పాత భవనమునకు తాళము పడినచో దాని క్రింద సైన్యమువారి గిడ్డంగి కలదని ఒకరందురు. నిజాము ప్రభువు నిధి కలదని మఱియొకరందురు. అచ్చటినుండి గోలకొండకు సొరంగము కలదని మూడవవారు ముక్తాయింపు పలుకుదురు. పైన పటారము, లోన లొటారము అను సామెతను జనము నగరపు నేలకే అన్వయించినట్లున్నది. ఈ మాటలను నవ్వి త్రోసివేయుట సులభము; నమ్ముట అంతకంటె సులభము. పరీక్షించుట మాత్రము కొంత శ్రమతో కూడిన పని. ఆ శ్రమకు ఓర్చి చూచినచో ఒక సంగతి తేటపడును: ఇట్టి వదంతులకు బీజము నేల క్రింద లేదు, నేలమీదనే కలదు.

కోట చెప్పు సాక్ష్యము

కోకాపేటకు తూర్పున కొలది మైళ్ళ దూరములో గోలకొండ కోట కలదు. నగరములోని సొరంగపు కథలకు పుట్టినిల్లు అదియే. కోటనుండి చార్మినారు వఱకు రహస్యమార్గము కలదనియు, ఆపద వచ్చినప్పుడు రాజకుటుంబము తప్పించుకొనుటకై కుతుబ్ షాహీలు దానిని త్రవ్వించిరనియు కోట చూడబోయిన ప్రతి బాలునికిని ఎవరో యొకరు చెప్పుదురు. వినుటకు ఇంపైన కథ. కాని ఆ ఆపద నిజముగా వచ్చిన దినమున ఏమి జరిగినదో చరిత్ర చెప్పుచునే యున్నది.

1687లో ఔరంగజేబు సైన్యము ఎనిమిది మాసములు కోటను ముట్టడించినది. సెప్టెంబరు నెలలో ఒక రాత్రి, కోటలోని సేనానులలో ఒకడైన అబ్దుల్లాఖాన్ పన్నీ లంచమునకు లోబడి ఒక ద్వారమును తెఱచెను. మొగలు సైనికులు ఆ త్రోవనే లోనికి వచ్చిరి. భక్త రామదాసును చెరలో నుంచినవాడుగా తెలుగువారందఱును ఎఱిగిన తానీషా తన మందిరములోనే పట్టుబడెను. ఆయన ఏ సొరంగములోను దూరలేదు, చార్మినారువద్ద తేలలేదు. ఆయనను దౌలతాబాదు కోటకు తరలించిరి. శేషజీవితము అక్కడనే గడచినది. ఎనిమిది నెలల ముట్టడిలో అక్కఱకు రాని సొరంగము మఱి యే దినమునకై త్రవ్వినట్లు?

విచిత్ర మేమనగా, ఆ ముట్టడిలో నేల క్రింద సైనికమైన త్రవ్వకము నిజముగానే జరిగినది. మొదట త్రవ్వినవారు కోటలోనివారు కారు, వెలుపలివారు. మొగలు సేన బురుజుల క్రిందికి సొరంగములు త్రవ్వి అందు తుపాకిమందు కూరినది. కోటలోనివారు ఆ సంగతి పసిగట్టి, లోపలినుండి ఎదురు త్రవ్వి, మందు కొంత తోడివేసి, కొంత నీటితో తడిపివేసిరి. తీరా నిప్పు ముట్టించినప్పుడు ప్రేలుడు వెనుకకు తిరిగి మొగలు సైనికులనే పొట్టన పెట్టుకొన్నది. గునపము రాతిపై పడినచో చప్పుడు కాక మానదు. గోలకొండ నేలలో సైనిక రహస్యము ఎంతకాలము దాగగలదో ఆనాడే తేలినది.

బండ లెక్క

కథను అంకెలలో పెట్టి చూచుటయు మంచిదే. గోలకొండకును చార్మినారుకును నడిమి దూరము రమారమి 8 కిలోమీటర్లు. మనుష్యుడు తల వంచక నడచునట్లు 2 మీటర్ల ఎత్తు, 2 మీటర్ల వెడల్పు గల మార్గము త్రవ్వినచో 32,000 ఘనపు మీటర్ల రాయి వెలికి రావలెను. ఈ ప్రాంతపు గ్రానైటు ఘనపు మీటరునకు రెండున్నర టన్నులకు పైగా తూగును. అనగా మొత్తము 80,000 టన్నులకు మించును. ఎడ్లబండి కొక టన్ను చొప్పున ఎక్కించినను ఎనుబది వేల బండ్లు కావలెను. ఆ రాయి ఏ గుట్టగా పోసిరి? ఏ గోడకు వాడిరి? ఆ కూలివారి వంశములలో ఒక్కరైనను ఆ ముచ్చట చెప్పుకొనకుండిరా?

ఇంతటితో చిక్కు తీరలేదు. హైదరాబాదు క్రింది బండ సుమారు రెండువందల యేబది కోట్ల సంవత్సరముల నాటిది. చార్మినారు కట్టినది 1591లో. డైనమైటు పుట్టినది 1867లో. కుతుబ్ షాహీల కాలమున బండను నిప్పుతో కాచి, నీరు చల్లి, పగులు పట్టిన చోట ఉలి దించి అంగుళ మంగుళముగా కొట్టవలసినదే. లోపల పనివానికి ఊపిరాడుటకు నడుమ నడుమ గాలిబావులు వలయును. గాలిబావి నేలపై కనబడక తప్పదు. అన్నిటికంటె మించిన అడ్డంకి మూసీ నది. కోట నదికి ఉత్తరపు గట్టున, చార్మినారు దక్షిణపు గట్టున ఉన్నవి. సొరంగము నది అడుగునుండి పోవలెను. నది దాటుటకు కుతుబ్ షాహీలు చేసిన ఏర్పాటు కన్నుల యెదుటనే కలదు. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా కట్టించిన పురానాపూల్ నేటికిని నిలిచి యున్నది. నది క్రింద దారి త్రవ్వగలవారు నదిపై వంతెన కట్టుట కంత ధనము వెచ్చింపనేల?

యంత్రములు వచ్చిన పిదపనైనను సొరంగము సులభము కాలేదు. శ్రీశైలము ఎడమగట్టు కాలువకై నల్లమల కొండల క్రింద దాదాపు 44 కిలోమీటర్ల సొరంగము తలపెట్టిరి. కొండను తొలుచు మహాయంత్రములు, ఇంజనీర్లు, ప్రభుత్వ ధనము అన్నియు ఉండియు, ఇరువది యేండ్లకు దగ్గరగా గడచినను 2025 నాటికి అది పూర్తికాలేదు. ప్రభుత్వము బహిరంగముగా, చట్టబద్ధముగా త్రవ్వలేకపోయినదానిని ఎవరో రహస్యముగా, రాత్రికి రాత్రి త్రవ్విరని నమ్ముటకు చాల విశ్వాసము కావలెను.

నిజముగా దాచినప్పుడు

అయినంతమాత్రమున ప్రభుత్వములు నేల క్రింద ఏమియు దాచవని వాదించుట న్యాయము కాదు. దాచిన దృష్టాంతములు కలవు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రమందలి గ్రీన్‌బ్రియర్ అను విలాసవంతమైన హోటలు క్రింద, అణుయుద్ధము వచ్చినచో శాసనకర్తలు తలదాచుకొనుటకై 1958 మొదలు 1961 వఱకు పెద్ద ఆశ్రయమును నిర్మించిరి. 1992లో వాషింగ్టన్ పోస్టు పత్రిక బయటపెట్టు వఱకు దానిని గూర్చి అధికారికముగా ఎవరును నోరు మెదపలేదు. ఇంగ్లండులో కోర్షమ్ పట్టణము క్రింద రాయి తీసి విడిచిపెట్టిన పాత గనులలో, యుద్ధకాలమున ప్రభుత్వము నడుపుటకై ఒక చిన్న నగరమునే అమర్చిరి. అది 2004 వఱకు రహస్యపు జాబితాలోనే యున్నది. విడిచిపెట్టిన చోటుల క్రింద సైనిక రహస్యములుండునను మాటకు లోకమున బొత్తిగా ఆధారము లేకపోలేదు.

ఈ దృష్టాంతములు వదంతిని బలపఱచుటయే కాదు, దానిని పరీక్షించు విధమును గూడ నేర్పుచున్నవి. కోర్షమ్‌లో రాయి మెత్తని సున్నపురాయి. గుహలు ముందే సిద్ధముగా నున్నవి. హైదరాబాదులో అట్టి గనులు లేవు, ఉన్నది ఏకశిల. గ్రీన్‌బ్రియర్ సంగతిని లోకము 1992లో వినినను ఆ ఊరివారు ఎంతయో ముందుగానే అనుమానించిరి. హోటలుకు ఒక కొత్త భాగము కట్టుటకు అంత కాంక్రీటు ఏల వచ్చుచున్నదని వారికి తోచినది. వారి అనుమానమునకు ఆధారము కలలు కావు, శకునములు కావు. కంట బడిన లారీలు. కనుక నేల క్రింద ఏదో కలదని ఎవరైన చెప్పినప్పుడు అడుగవలసిన ప్రశ్నలు మూడే. మన్నును రాయిని ఎక్కడికి మోసిరి? పనివారు ఎవరు? లోనికి గాలియు, విద్యుత్తును ఎటునుండి పోవుచున్నవి? ఈ మూడింటికి సమాధానము లేని రహస్యము రహస్యము కాదు, కథ.

హైదరాబాదు సంస్థానమునకును నిజమైన సైనిక రహస్యము లేకపోలేదు. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు నిజాము ప్రభుత్వమునకై కరాచీనుండి విమానములలో ఆయుధములు తెచ్చి బీదరు, వరంగల్లు విమానాశ్రయములలో దింపెను. అది చీకటి వ్యాపారమే. కాని భారత ప్రభుత్వమునకు అది తెలియనిది కాదు. సెప్టెంబరు 13న సైన్యము ప్రవేశించిన తరువాత ఐదు దినములలో ఆ అధ్యాయము ముగిసినది. అట్టి దినములు చూచిన నగరమున దాచిన తుపాకుల మాట ముసలివారి నోట మిగిలియుండుటలో వింత లేదు. వింత యేమనగా, నిజమైన ఆ రహస్యము నడచినది సొరంగములలో కాదు, అందఱికిని కనబడు విమానాశ్రయములలో.

నేడును అంతే. తెలుగునాట నేల క్రింద సైనిక నిర్మాణమను మాటకు నిజముగా తగిన స్థలము హైదరాబాదులో లేదు, సముద్రతీరమున కలదు. అనకాపల్లి జిల్లా రాంబిల్లి వద్ద నౌకాదళము స్థావరమును నిర్మించుచున్నది. కొండలోనికి తొలిచిన మార్గములలో జలాంతర్గాములను నిలుపుటకు ఏర్పాట్లు జరుగుచున్నవని పత్రికలు ఏండ్లుగా వ్రాయుచున్నవి. ప్రభుత్వము వివరములు చెప్పదు, చెప్పనవసరమును లేదు. దేశరక్షణకు కొంత గోప్యము వలసినదే. ఇంటి గుట్టు లంకకు చేటు. కాని ఆ స్థావరము ఎక్కడ నున్నదో అక్కడి పల్లెలలో తెలియనివారు లేరు. భూములు కోల్పోయిన రైతులు, వేట జరుగదని వాపోయిన మత్స్యకారులు పరిహారమునకై ఆందోళనలు చేసిరి. రహస్యమైనది లోపలి అమరిక. స్థలము రహస్యము కాదు.

కోకాపేటకు పడమట వికారాబాదు జిల్లా దామగుండము అడవిలో మఱియొక దృష్టాంతము కలదు. సముద్రగర్భమున నున్న జలాంతర్గాములకు వార్తలు పంపుటకు మిక్కిలి తక్కువ పౌనఃపున్యము గల రేడియో తరంగములు కావలెను. అవి మాత్రమే ఉప్పునీటిలోనికి కొన్ని మీటర్లు చొరగలవు. అట్టి కేంద్రము 1990లో తమిళనాట తిరునల్వేలి వద్ద నెలకొల్పబడినది. రెండవదానికి దామగుండమున 2024 అక్టోబరు 15న దేశ రక్షణమంత్రి శంకుస్థాపన చేసిరి. దానికి సుమారు 2,900 ఎకరముల అటవీభూమి పోవుచున్నది. అడవిని గూర్చియు, ఆ జిల్లా అనంతగిరి కొండలలో పుట్టు మూసీనదిని గూర్చియు ప్రకృతిప్రియులు ఆక్షేపణలు తెలిపిరి. ప్రభుత్వము తన సమాధానము చెప్పినది. వాదము సబబా కాదా అనునది వేఱు సంగతి. ఎకరములు, చెట్లు, నది, రక్షణావసరము అన్నియు వెలుగులో నుండుటచేత అక్కడ వాదము పుట్టినది, వదంతి పుట్టలేదు.

తాళము పడిన వాకిలి

వదంతి ఎక్కడ పుట్టునో తెలిసికొనుటకు నగరము నడిబొడ్డున సైఫాబాదుకు పోవలెను. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున, 1888లో, అచ్చట ఒక మందిరము కట్టిరి. అది పూర్తియైనప్పుడు చూడవచ్చిన ప్రభువునకు ఉడుము అడ్డము వచ్చినదనియు, అపశకునమని ఆయన తాళము వేయించెననియు ఒక ఐతిహ్యము కలదు. తరువాతి కాలమున అది సచివాలయములో భాగమై ఎందఱో ముఖ్యమంత్రులను చూచినది. ప్రభువులు పనికిరాదని విడిచిన భవనమన్నచో జనము ఊహకు అంతకంటె ఆహారమేమి?

ఆ పరిసరములలోనే నౌబత్ పహాడ్ సమీపమున, ఒక పాఠశాల ఆవరణలో నిజాముల కాలపు నిధి కలదని వచ్చిన సమాచారమును పట్టుకొని 2012 చివరి మాసములలో పురావస్తుశాఖవారే త్రవ్వకములు జరిపిరి. కొండను త్రవ్వి ఎలుకను పట్టిన సామెతలో ఎలుకైనను దొరకినది. ఇక్కడ అదియు లేదు. మరుసటి యేడు ఉత్తరప్రదేశములోని దౌండియాఖేడాలో ఒక సాధువు కన్న కలను పురస్కరించుకొని వేయి టన్నుల బంగారమునకై కేంద్ర పురావస్తుశాఖ త్రవ్వినప్పుడును ఫలితము ఇట్లే యున్నది. ప్రభుత్వ శాఖయే గునపము పట్టినప్పుడు సామాన్యుడు వదంతిని నమ్మినాడని నిందించుట యెట్లు?

2020 జూలై మొదటి వారమున సచివాలయపు పాత భవనముల కూల్చివేత అర్ధరాత్రి దాటిన పిదప మొదలైనది. చుట్టుప్రక్కల రహదారులు మూసివేసిరి; పోలీసులు కావలి నిలిచిరి; పత్రికలవారిని దరికి రానీయలేదు. కొలది దినములలోనే సైఫాబాదు మందిరము క్రింద నిధి కలదనియు, కూల్చివేత చాటున దానికై త్రవ్వుచున్నారనియు పుకారు బయలుదేఱినది. ఆనాడు ప్రతిపక్షమున నున్న పార్లమెంటు సభ్యుడు, తరువాత 2023లో ముఖ్యమంత్రియైన రేవంత్ రెడ్డి ఆ మాటను బహిరంగముగానే ఆరోపణగా పలికిరి. విషయము హైకోర్టుకు పోయినది. కూల్చివేతలో ఇంత గోప్యమేలయని న్యాయస్థానము ప్రశ్నించిన పిమ్మట ప్రభుత్వము పత్రికా ప్రతినిధులను లోనికి తీసికొనిపోయి చూపినది. చూచినవారికి కనబడినవి ఇటుక, సున్నము, వంగిన ఇనుప చువ్వలు. ఆ తొలినాడే ఆ వాకిలి తెఱచియుంచినచో సొరంగమునకు చోటెక్కడ? 2023 ఏప్రిలు 30న కొత్త సచివాలయము ప్రారంభమైనది. పాతదాని క్రింద నిధి సంగతి అప్పటికే జనము మఱచిరి. కాని ప్రభుత్వము దాచుననెడి అనుమానము మాత్రము ఇండ్లకు పోయి కూర్చున్నది.

నిజాముల ధనము నిజముగా ఎక్కడ నున్నదో తెలియనిది కాదు. వారి ఆభరణములలో 173 వస్తువులను 1995లో భారత ప్రభుత్వము 218 కోట్ల రూపాయలకు కొన్నది. అవి నేలమాళిగలనుండి కాక బ్యాంకుల పెట్టెలనుండి వచ్చినవి. అట్లే ఏడవ నిజాము 1965లో దేశరక్షణకై ఐదు వేల కిలోల బంగారము దానమిచ్చెనని ఒక ప్రతీతి నేటికిని కలదు. సమాచార హక్కు చట్టము క్రింద అడిగినప్పుడు రక్షణ నిధివారు అట్టి దానమునకు తమవద్ద ఆధారము లేదనిరి. ఆయన చేసినది దానము కాదు. వడ్డీ వచ్చు బంగారు పత్రములలో 425 కిలోలు మదుపు పెట్టుట. ఏండ్ల తరబడి పెరిగిన ప్రతీతిని ఒక్క కాగితము కొలత వేసి నిలిపినది. వదంతికి విఱుగుడు కోపము కాదు, పరిహాసము కాదు, కాగితము.

వదంతి వెల

వదంతి వినోదము మాత్రమేయైనచో ఇంత చర్చ అక్కఱలేదు. దానికి వెల కలదు. తెలంగాణమునను, ఆంధ్రమునను పాడుపడిన గుడులలో నందులను పెకలించి, గర్భగృహములలో గోతులు త్రవ్వి, శిల్పములు పగులగొట్టి పోవు గుప్తనిధుల ముఠాల వార్త రాని సంవత్సరము లేదు. లేని నిధికై ఉన్న నిధిని నాశనము చేయుట అది. వందల యేండ్ల శిల్పము ఒక్క రాత్రిలో రాళ్ళకుప్ప యగును.

అంతకంటె పెద్ద వెల మఱియొకటి. కల్పిత రహస్యము జనుల దృష్టిని నిజమైన విషయమునుండి మఱల్చును. 2025 మార్చి చివర, ఉగాది పండుగ సెలవుల వేళ, కోకాపేటకు చేరువలోనే కంచ గచ్చిబౌలియందు 400 ఎకరముల భూమిలో పొక్లెయినులు చెట్లను కూల్చినవి. విద్యార్థులు అడ్డుపడిరి. ఏప్రిలు 3న సుప్రీంకోర్టు ఆ పనులను నిలిపివేసినది. ఈ నడుమ నిజమైన చిత్రములతో పాటు యంత్రమేధ కల్పించిన నెమళ్ళ, జింకల చిత్రములును వ్యాపించినవని ప్రభుత్వము ఆక్షేపించినది. కల్పిత చిత్రమును ఖండించుట యుక్తమే. కాని సెలవు దినములలో త్వరపడి చెట్లు కొట్టించిన పద్ధతియే కల్పనకు చోటిచ్చినదను సంగతి మఱువరాదు. కల్పిత చిత్రములవలన నష్టపోయినది గూడ ప్రభుత్వము కాదు. నిజముగా నేలకూలిన చెట్లను గూర్చి మాటాడినవారే. నిప్పు లేనిదే పొగ రాదని వదంతిని వెనుకవేసికొని వచ్చువారు తఱచుగా పలుకుదురు. నిజమే. అయితే ఆ నిప్పు పొగ చూపిన చోటనే యుండవలెనని లేదు.

శ్రీశైలపు సొరంగములో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి, నీరును బురదయు విరుచుకొనిపడి ఎనమండుగురు పనివారు చిక్కుకొనిరి. పొట్టకూటికై ఎక్కడెక్కడినుండియో వచ్చినవారు. రెండు నెలలు వెదకినను ఇరువురి దేహములు మాత్రమే లభించినవి. అది వదంతి కాదు. ఆ సొరంగపు పొడవు, ఖర్చు, భూగర్భశాస్త్రవేత్తల హెచ్చరికలు, పనుల చరిత్ర అన్నియు కాగితములలో నున్నవి. పగుళ్ళు గల రాతిలో నీరు ఊరు చోట మనుష్యులను ఏ భద్రతతో దింపిరను ప్రశ్న లేని సొరంగములను గూర్చిన ముచ్చటలకంటె వేయి రెట్లు అడుగదగినది. ఊరి నేల క్రింద నున్నదేమో అని ఉత్సాహపడు నగరము, నల్లమల నేల క్రింద నిలిచిపోయినవారిని ఎన్ని దినములు తలచుకొన్నది?

నీటి త్రోవ

హైదరాబాదు పడమటి భాగమున నేల క్రింద నిజముగా నున్న పాత రహస్యము ఒకటి కలదు. నేడు హైటెక్ సిటీ మేడల నడుమ, 2020లో తెఱచిన తీగల వంతెన క్రింద మెఱయుచున్న దుర్గము చెఱువును పూర్వము ‘రహస్యపు చెఱువు’ అనెడివారు. రాతికొండల మఱుగున దాగిన ఆ చెఱువునుండి గోలకొండ కోటకు మట్టి గొట్టములద్వారా త్రాగునీరు పోయెడిదని చెప్పుదురు. కోటలో ఆ మట్టి గొట్టముల శేషములు నేటికిని చూడవచ్చును. కుతుబ్ షాహీలు నేల క్రింద దాచినది ఫిరంగులను కాదు, బంగారమును కాదు, నీటిని. శత్రువు కోటను గెలువవలెనన్నచో మొదట నీటిని పట్టునని వారెఱుగుదురు. సైనిక రహస్యమను పేరు దేనికైన తగినచో ఆ నీటి త్రోవకే తగును.

ఆ తెలివి నేడు కనబడదు. 1908 మూసీ వరదల పిదప కట్టి 1920లో పూర్తిచేసిన గండిపేట చెఱువు కోకాపేట ప్రక్కనే యున్నది. ఆ చెఱువు దాపున సెల్లార్లకై బండ పగులగొట్టిన గోతులలో ఊట నీరు చేరును. దానిని మోటార్లతో రాత్రింబవళ్ళు తోడి కాలువలలో పోయుదురు. ఆ గోతిపై లేచిన మేడకు వేసవి రాగానే టాంకరులలో నీరు తెచ్చుకొందురు. ఏ బండలో ఎంత లోతున నీరున్నది, ఎన్ని గోతులనుండి ఎంత తోడిపోసిరి, ఎన్ని బోరుబావులు ఎండినవి అను లెక్కను బల్లపై పఱచి ప్రజలకు చూపువారు లేరు. దానికి కావలి లేదు, ముళ్ళతీగ లేదు, రక్షణశాఖ హెచ్చరిక పలక లేదు. అడుగువారు లేకపోవుటయే దానికి కట్టిన గోడ.

ప్రభుత్వము చేయవలసినది కష్టమైనది కాదు. దేశరక్షణకు సంబంధించిన గోప్యమును దానికే పరిమితము చేసి, కూల్చివేతలు, వేలములు, త్రవ్వకములు, అడవుల కేటాయింపులు పట్టపగలు, కాగితము ముందుంచి చేసినచో సగము సొరంగములు తమంత పూడిపోవును. ప్రజలు చేయవలసినదియు కలదు. పాడుపడిన గోడ క్రింద ఏమున్నదని చెవి యొగ్గుటకు ముందు, కన్నుల యెదుట త్రవ్వుచున్న గోతివద్ద నిలిచి, ఈ రాయి ఎటు పోవుచున్నది, ఈ నీరు ఎవరిదని అడుగవలెను. గ్రీన్‌బ్రియర్ ఊరివారు లారీలను లెక్కించి నిజమును ఊహించిరి. కోకాపేటలో లారీలకు కొదువ లేదు.